రాహేలమ్మ వద్దంది, నేను రమ్మందని చెప్పాను

2001 జనవరి. పుంగనూరు నుంచి సదుం పోయే రోడ్డు దిగి మట్టిబాటలో కొంత దూరం పోతే ఒక ఊరు వస్తుంది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు నా వల్ల పడింది చాలు. ఆ రోజు ఉదయం ఆ ఊళ్ళో ఒక మెటడార్ వ్యాను ఆగింది. అందులోంచి తొమ్మిది మంది అమెరికన్లు, ఒక పాస్టరు, చివరగా నేను దిగాం. నేను దుబాసీని. ఇంగ్లీషులో ఇంటర్‌ప్రెటర్ అంటారు. వాళ్ళ మాట వీళ్ళకూ, వీళ్ళ మాట వాళ్ళకూ చెప్పడం నా పని. పదహారేళ్ళు చేశాను. ఈ పని ఎలా ఉంటుందని ఎవరడిగినా ఆ రోజు గురించే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ కోపం వస్తుంది. రాస్తుంటే ఇప్పుడూ వస్తోంది.

అమెరికాలో ఎక్కడో పొలాల మధ్య ఉన్న చిన్న చర్చి వాళ్ళది. మదనపల్లె శివారులో ఒక క్రైస్తవ సంఘం, పుంగనూరు దగ్గర ఈ ఊరి సంఘం, కుప్పం దగ్గర ఇంకొకటి, ఈ మూడింటితో వాళ్ళు పార్ట్‌నర్‌షిప్ పెట్టుకున్నారు. ఒకసారి వచ్చి ఫొటోలు తీసుకుని మాయమయ్యే రకం కాదు. ఏటా జనవరిలో పదిహేను రోజులు అవే ఊళ్ళకు, అవే ఇళ్ళకు రావాలి, కలిసి పని చేయాలి, మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోవాలి. అదీ ఒప్పందం. 1992లో మొదలైంది. మొదటి ఏడాది నుంచీ నేనే దుబాసీని. ఆలోచన మంచిదేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. చెడగొట్టింది ఆలోచన కాదు, మధ్యలో నిలబడిన మేం.

నాది ఆ మతం కాదు. మాది పెద్దతిప్పసముద్రం వైపు చిన్న పాళెగాళ్ళ వంశం. మా ముత్తాతకు పల్లకీ ఉండేది, మా తాతకు గుర్రబ్బండి ఉండేది, మా నాన్నకు కోర్టు వాయిదాలుండేవి. నాకు మదనపల్లెలో రెండు గదుల అద్దె ఇల్లు, కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు మిగిలాయి. అయినా నడుం వంచలేదు. ఆ అమెరికన్ల టీమ్ ఏటా తెచ్చే చొక్కాలు, పెన్నులు ఒక్కసారి కూడా తీసుకోలేదు. జీతానికి పని చేశాను, కానుకకు కాదు. మా అవ్వ చిన్నప్పుడే నేర్పింది, గడప దాకా వచ్చిన మనిషికి 'వద్దు' అనే మాట మన నోట రాకూడదని. అదే పెద్దింటి లక్షణమని నమ్మినవాణ్ణి.

మా పనికి రెండు నియమాలున్నాయి. మొదటిది కాన్సిక్యూటివ్. అవతలి మనిషి నాలుగు మాటలు చెప్పి ఆగితే, దుబాసీ ఆ నాలుగూ చెప్పాలి. అయిదు కాదు, మూడు కాదు. రెండోది ఫస్ట్ పర్సన్. 'ఆమెకు ఆకలిగా ఉందట' అని చెప్పకూడదు, 'నాకు ఆకలిగా ఉంది' అనాలి. అలా చెబితేనే వినేవాళ్ళకు దుబాసీ కనపడడు, మాట్లాడిన మనిషి కనపడుతుంది. ఈ రెండు నియమాలూ నాకు కంఠస్థం. తొమ్మిదేళ్ళపాటు రెంటినీ తుంగలో తొక్కాను. టీమ్ తెచ్చిన బట్టలు చూసి ఊళ్ళో ముసలమ్మ "ఇవి మా ఎద్దుకైతే సరిపోతాయి గదప్పా" అంటే, "ఎంతో అభిమానంతో తెచ్చారు" అని ఇంగ్లీషులో చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. మర్యాద కాపాడానని నేను మీసం మీద చెయ్యి వేసుకునేవాణ్ణి.

రాహేలమ్మది ఈ ఊరి సంఘమే. అంతకు ముందు ఆమె, భర్త దానమయ్య బెంగుళూరులో మేడలు కట్టే చోట కాంక్రీటు మోశారు. మోసీ మోసీ ఆమె మెడ నరం పట్టేసింది. తిరిగి వచ్చి, ఉన్న ముప్పాతిక ఎకరాలో మల్బరీ నాటి, ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు పెంచుతున్నారు. మొదటి పంట, పురుగుల ఒంటి మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగ పడి పోయింది. ఇది రెండోది.

వ్యాను దిగుతూనే పలకరించాను. "ఎట్లుంది రాహేలమ్మా పంట?"

"బాగుండాదప్పా. ఇది దక్కితే ఈడ్నే ఉంటాం. దక్కలేదా, మళ్ళా బెంగుళూరు తట్టే." నవ్వుతూనే అంది. కానీ చెయ్యి మెడ మీదికి పోయింది.

టీమ్ దగ్గర ప్రోగ్రామ్ కాగితం ఉంది. అందులో ఆ రోజు పది గంటలకు 'హోమ్ విజిట్' అని రాసుంది. ఒక ఇంటికి వెళ్ళి, కూర్చుని, మాట్లాడి, ప్రార్థన చేసి రావడం. పాస్టరు సమూయేలు గారు రాహేలమ్మ ఇల్లు ఎంచారు. కుర్చీలు వేశారు, టీలు తాగారు. ఆ తర్వాత టీమ్‌లో ఉన్న ఒక నర్సు, చిన్న వయసు అమ్మాయి, చెవి రిక్కించి "వాన పడుతోందా?" అని అడిగింది.

వాన కాదు. షెడ్డులో పురుగులు ఆకు తింటున్న చప్పుడు. పట్టుపురుగు పెరిగే లోపల నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచేటప్పుడు మేత మాని కదలకుండా పడి ఉంటుంది. ఇక్కడ దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఆగకుండా తింటుంది. ఇంటిల్లిపాదీ ఆకు కోసి వేయలేక సతమతమవుతారు. ఆ వారం గడిస్తే గూళ్ళు కడుతుంది. ఆ వారంలో చెడితే అన్నాళ్ళ చాకిరీ బూడిద.

చూస్తామని టీమ్ లేచింది. రాహేలమ్మ వాళ్ళకన్నా ముందు పరుగెత్తి షెడ్డు తలుపుకు అడ్డం నిలబడింది.

"వొద్దప్పా. లోపలికి వొద్దు. నాలుగో జ్వరం లేసి మేత మీదుండాయి. వాసన పడదు వాటికి. ఈళ్ళ ఒంటి మీంచి ఏందో మందు వాసన వస్తాండాది."

నిజమే. వాళ్ళు పొద్దునే చేతులకు, కాళ్ళకు దోమల మందు పట్టించుకుంటారు. బట్టలకు కూడా కొట్టుకుంటారు. తొమ్మిదేళ్ళుగా ఆ వాసన పక్కన నిలబడుతున్న నాకు అది వాసనగా అనిపించడమే మానేసింది.

పాస్టరు గారికి సిగ్గేసింది. "ఏం మందమ్మా, సెంటు వాసన అది. దిష్టి తగులుతాదని భయపడతాండావు, అంతే గదా? దేవుని బిడ్డకు దిష్టేంది?"

"దిష్టి గాదయ్యా, మందు అంటాండా."

"అంత దూరం నించి వచ్చినోళ్ళను తలుపు కాడ నిలబెడితే సంఘానికి మర్యాదా? పక్కకు జరుగు తల్లీ."

టీమ్ లీడర్ పేరు వాల్టర్. అరవై దాటిన మనిషి, పెద్ద చేతులు, తక్కువ మాటలు. తొమ్మిదేళ్ళుగా ఏటా వస్తున్నవాడు. ఆయన నా వైపు తిరిగి, "ఏమంటోంది?" అని అడిగాడు.

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇప్పుడు కొంచెం తక్కువ కోపం వచ్చేదేమో. పాస్టరు గారన్నట్టే ఇది దిష్టి గొడవ, పరాయి వాళ్ళ ముందు చెప్పుకోవడానికి నామోషీ అనుకున్నాను. నోరు దానంతట అదే కదిలింది. "మీరు రావడం చాలా సంతోషంగా ఉందంటోంది. చెప్పులు విడిచి లోపలికి రమ్మంటోంది."

చెప్పులు విడవడం నా సొంత కల్పన. అబద్ధానికి కాస్త పద్ధతి అతికిస్తే నిజంలా ఉంటుంది కదా.

వాళ్ళు బూట్లు విప్పడం చూసి రాహేలమ్మ నన్ను అడిగింది. "సెప్పినావా?"

"చెప్పాను."

"మరి యాల వస్తాండారు?"

"కాసేపేలే అమ్మా. ఊరికే చూసి పోతారు."

ఆమె తలుపు దగ్గర నుంచి జరిగింది. నేను ఆమె ముఖం చూడలేదు. లోపల పది నిమిషాలున్నారు. నర్సమ్మాయి ఒక పురుగును అరచేతిలోకి తీసుకుంది. ఫొటోలు తీసుకున్నారు. తీసిన పురుగును జాగ్రత్తగా మళ్ళీ తట్టలో పెట్టింది. ఆమె మనసులో ఏ పాపమూ లేదు.

మర్నాడు మేం కుప్పంలో ఉన్నాం. మధ్యాహ్నం హాస్టల్లో టీమ్ భోజనానికి కూర్చుంది. గేటు బయట దానమయ్య నిలబడి ఉన్నాడు. పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి వచ్చాడు. చేతిలో తుండుగుడ్డ మూట. విప్పి చూపించాడు. పురుగులు సగానికి సగం కుంచించుకుపోయి, నోటి నుంచి పచ్చని నీళ్ళు కక్కి ఉన్నాయి.

"నిన్న సాయంత్రం నించి తలకాయలు ఆడించబట్టె. తెల్లారేకల్లా తట్టలన్నీ ఇంతే. పట్టుపరిశ్రమ ఆఫీసులో సూపిస్తే, ఏదో దోమల మందో పురుగుల మందో తగిలిందన్నారు."

పాస్టరు గారు నా పక్కనే ఉన్నారు. దానమయ్య భుజం మీద చెయ్యి వేసి, "గమ్మునుండు నాయినా. పక్క తోటలో టమోటకు మందు కొట్టినారేమో" అన్నారు.

"గాలి ఆ తట్టు నించి రాలేదయ్యా."

"సరే, మనం తర్వాత మాట్లాడదాం. ఇప్పుడు వీళ్ళకు తెలిస్తే మనసు విరిగిపోతాది. వచ్చే ఏడు రారు. అప్పుడు మూడు సంఘాలకూ నష్టం. నీ ఒక్కడి గురించి ఆలోచించొద్దు."

దానమయ్య ఆయన్ను వదిలి నన్ను చూశాడు. "తిట్టేకి రాలేదప్పా నేను. ఒక మాట వాళ్ళకు సెప్పితే, ఇంగో పురుగుల ఇంటికి పోయి ఇట్లే సెయ్యకుండా ఉంటారు గదా. అంతే."

కిటికీలోంచి వాల్టర్ తల కనిపిస్తోంది. ఇరవై అడుగుల దూరం. చెబితే రెండు నిమిషాల పని. నేను చెప్పలేదు. చెబితే ముందు రోజు నేను చెప్పింది అబద్ధమని తేలుతుంది. మా వంశంలో ఎవరినీ ఎవరూ అబద్ధాలకోరు అనలేదు. ఆ మాట నా మీద పడకుండా ఉండడం కోసం పంట పోయిన మనిషిని ఉత్త చేతులతో తిరుగు బస్సు ఎక్కించాను. పాస్టరు గారి మీద అప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన నాకన్నా నయమని ఇప్పుడు తెలుసు. ఆయన కనీసం సంఘం కోసం దాచారు.

ఫిబ్రవరిలో ఆ భార్యాభర్తలు బెంగుళూరు వెళ్ళిపోయారు.

జూన్‌లో అమెరికా నుంచి చర్చి పత్రిక వచ్చింది. ఏటా పంపుతారు. రెండో పేజీలో నర్సమ్మాయి ఫొటో, అరచేతిలో పురుగు, వెనక రాహేలమ్మ. కింద రాసిన దాని సారాంశం ఇది: 'ఈ పేద తల్లి తన పట్టు ఇంటి తలుపులు మాకోసం తెరిచింది. ఆమె ఆతిథ్యం మాకు ఎంతో నేర్పింది.' ఫొటోలో రాహేలమ్మ కళ్ళు పురుగు మీద ఉన్నాయి. దాన్ని ఆనందం అనుకోవాలంటే ఆమె మాట ఒక్కటీ విని ఉండకూడదు. వాళ్ళు వినలేదు. విననివ్వలేదు నేను. ఆ పత్రికను చింపబోయి ఆగాను. చింపితే ఎవరి మీద కోపం తీర్చుకున్నట్టు?

ఆ తర్వాత కొన్ని నెలలు మా అవ్వ నేర్పిన మాటనే తిరగేసి చూశాను. గడపకొచ్చిన వాళ్ళకు వద్దు అనకూడదు, సరే. కానీ ఆ గడప ఎవరిది? రాహేలమ్మది. ఆమె గడప తెరవడానికి నేనెవరిని? మా తాతల ముందు వాళ్ళ తాతలు వద్దు అన్నది లేదు. అనే వీలు లేదు. కాబట్టి ఆమె 'వొద్దు' నా చెవిని తాకి కూడా మాటగా లోపలికి పోలేదు. నేను మర్యాద అనుకున్నది పాత దొరతనం. భూములు పోయినా అది పోలేదు.

క్రిస్మస్‌కు ఆ భార్యాభర్తలు ఊరికి వచ్చారని తెలిసి వెళ్ళాను. రాహేలమ్మ వాకిలి ఊడుస్తోంది. కూర్చోమనలేదు.

"వచ్చే నెల టీమ్ వస్తోంది. జరిగింది వాళ్ళకు చెప్పాలనుకుంటున్నా" అన్నాను.

"నువ్వా?" చీపురు ఆపింది. "నీ మాటలు శానా ఇన్నాంలే దొరా. నువ్వు సెప్పొద్దు. నేను సెప్తా. నేను సెప్పింది సెప్పినట్టు ఆ భాషలో అను. ఒక్క ముక్క మింగినావో, ఆడ్నే అందరి ముందర నీ చొక్కా పట్టుకుంటా."

"మింగను."

"నాకు నీ భాష రాదు గదా. నువ్వు మింగలేదని నాకెట్ల తెలుస్తాది?"

మళ్ళీ ఆమే అంది. "వాళ్ళ ముఖాలు సూస్తే తెలుస్తాదిలే."

2002 జనవరి. ఆ ఊరి చర్చిలో డిబ్రీఫింగ్. పర్యటన చివర అందరూ కూర్చుని ఏం జరిగింది, ఎలా జరిగింది అని మాట్లాడుకోవడాన్ని అలా అంటారు. మా దగ్గర అది ఏటా ధన్యవాదాల సభ. ముందు రోజు పాస్టరు గారికి చెప్పాను. "ఇది బయటపడితే వచ్చే ఏడాది నీకు పని ఉండదు" అన్నారు. "సరేనండీ" అన్నాను.

రాహేలమ్మ లేచి నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. ఆమె నాలుగు మాటలు, నేను నాలుగు మాటలు.

"పోయిన ఏడు మీరు మా పురుగులు సూస్తామన్నారు. నేను వొద్దన్నా."

నేను ఇంగ్లీషులో, ఫస్ట్ పర్సన్‌లో, అదే అన్నాను.

"మీ ఒంటి మీద మందు పురుక్కు పడదని సెప్పినా. ఈ మనిషి మీకు ఆ మాట సెప్పలేదు."

"ఈ మనిషి మీకు ఆ మాట చెప్పలేదు" అని చెబుతూ, ఆమె ఎవరిని వేలితో చూపిస్తోందో అతన్నే నేనూ చూపించాలి. నా వేలు నా గుండె మీదికి వచ్చింది. టీమ్ ముఖాల్లో అయోమయం. నర్సమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను రమ్మన్నానని ఈయన మీకు అబద్ధం సెప్పినాడు. తెల్లారేకల్లా నా పంట సచ్చింది. నా మొగుడు కుప్పం దాకా వచ్చి సెప్పమని అడిగినాడు. అప్పుడూ సెప్పలేదు. మళ్ళా పోయి కాంక్రీటు మోస్తాండా."

ప్రతి వాక్యమూ 'నేను', 'నా' అంటూ చెప్పాను. 'ఈయన అబద్ధం చెప్పాడు' అని నా గొంతుతో నా గురించి చెప్పాను. ఒక్క మాటా తగ్గించలేదు. అదొక్కటే నాకు మిగిలిన గౌరవం.

వాల్టర్ లేచాడు. ముఖం ఎర్రబడి ఉంది. ఆ కోపం రాహేలమ్మ మీద అనుకుని పాస్టరు గారు లేవబోయారు. వాల్టర్ ఆమె వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"నేను పాడి రైతును. నా పశువుల కొట్టంలోకి బయటి మనిషి బూట్లు కడుక్కోకుండా అడుగుపెడితే మెడ పట్టి గెంటుతాను. మా బిషప్పునైనా సరే. మీరు వద్దన్నారని నాకు తెలిసి ఉంటే ఆ తలుపుకు నేనే కాపలా నిలబడేవాణ్ణి."

రాహేలమ్మకు చెప్పాను. ఆమె ఆయన చేతుల వైపు చూసింది. "పాలు పిండే చేతులా? ముందే అనుకున్నా" అంది.

తర్వాత ఆయన నా వైపు, పాస్టరు గారి వైపు తిరిగాడు. "పదకొండుసార్లు వచ్చాను ఈ ఊరికి. ఇన్నేళ్ళలో ఒక్క 'వద్దు' కూడా వినలేదు. ఎంత మంచి మనుషులో అని ఇంటికి వెళ్ళి చెప్పుకున్నాను. మీరు నన్ను ఎవరనుకున్నారు? ఒక మాట తట్టుకోలేని పసివాణ్ణనా?"

ఆయన ఊరివాళ్ళను అడిగాడు, ఇంకా ఏమైనా ఉన్నాయా అని. ఒక ముసలాయన లేచాడు. "చర్చికి ఆ నీలం రంగు మాకొద్దని మూడేండ్ల కిందే సెప్పినాం." వెనక నుంచి ఇంకొకామె. "టమోట కోతల్లో వస్తాండారు, ఎవురం కూలికి పోలేకుండాం." "పండ్ల బ్రష్షులు ఇంటికి పదైనాయప్పా, పండ్లు లేవు మా అత్తకు!" చర్చంతా గొల్లున నవ్వింది. రెండు గంటలపాటు చెప్పారు. ఒక్క ముక్క మింగకుండా చెప్పాను. నేను దారిలోనే పూడ్చేసిన మాటలే అన్నీ. కొన్ని నా కళ్ళ ముందే, నాకే చెప్పినవి. ఒక్కొక్కటి వింటుంటే చెంపదెబ్బలా ఉంది.

మరుసటి ఏడాది నుంచి టీమ్ రాక జూలైకి మారింది. ఏ ఇంటికి పోవాలో ఊరివాళ్ళే కూర్చుని చెప్పేవాళ్ళు, వద్దంటే పోయేవాళ్ళు కాదు. నా పని పోలేదు, వాల్టర్ పోనివ్వలేదు. ఆయన దయ తలచాడని కొందరన్నారు. దయ కాదు. "ఒక మాట మింగితే దాని ఖరీదు ఎంతో ఇప్పుడు మీకు తెలుసు" అన్నాడంతే. 2007 దాకా చేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఒకటే చెబుతాను. దుబాసీ దాచిన కటువు మాట ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరి ఇంట్లో శవమై తేలుతుంది. మెత్తగా చెప్పడం మంచితనమని ఎవరైనా మీకు నేర్పితే, ఆ మెత్తదనం ఎవరికి తలగడ అయిందో, ఎవరి ముఖం మీద పడిందో అడగండి.

ఇంత చెప్పాక రాహేలమ్మకు మేలు జరిగిందని రాస్తే బాగుండును. జరగలేదు. అప్పటికే నీళ్ళు పెట్టేవాళ్ళు లేక మల్బరీ ఎండిపోయింది. టీమ్ మళ్ళీ నాటిస్తామంది. ఆమె మెడ చూపించి, తట్టలు ఎత్తే శక్తి ఇంక లేదని చెప్పింది. అదీ చెప్పినట్టే చెప్పాను.

ఆ సభ అయ్యాక చర్చి బయట ఆమె ఎదురుపడింది. చేతులు జోడించాను. మా ఇంట్లో మగవాళ్ళు వాళ్ళ వాడ మనుషులకు చేతులు జోడించడం అదే మొదటిసారి అనుకుంటాను.

"సెప్పినావు. వాళ్ళ ముఖాలు సూసినా. సాలు" అంది. రెండు అడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "మా ఇంటికి మాత్రం ఇంగ రావొద్దప్పా."

నేను వెళ్ళలేదు.